డిన్నర్ షో ఎంచుకునే ముందు అత్తగారి పళ్లెం చూడండి

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాం. వచ్చే మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి ఓర్లాండో వెళ్తున్నాం. డిస్నీ హోటల్లోనే ఆరు రాత్రులు ఉంటాం. నాలుగు రోజులకి పార్కు టికెట్లు కొన్నాం. నేను, మావారు, పదకొండేళ్ల బాబు, ఐదేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య, మావయ్య కలిపి ఆరుగురం. వ్యాన్ అద్దెకి తీసుకుంటున్నాం. సాయంత్రాలు ఏదైనా డిన్నర్ షో చూపిద్దామని మా ఇద్దరి కోరిక. స్నేహితులు హూప్ డీ డూ తప్పకుండా చూడమన్నారు. బాబుకి గుర్రాల మీద కత్తియుద్ధం చేసే మెడీవల్ టైమ్స్ కావాలి. ఒక పాత లిస్టులో పాలినేషియన్ హోటల్లో నిప్పులతో నాట్యం చేసే షో కూడా చూశాను. చిక్కల్లా అత్తయ్యతోనే. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. మావయ్యకి వినికిడి తక్కువ, మోకాళ్ల నొప్పులు. "అమ్మని ఆ ఒక్క పూట రూంలో ఉండమందాం, పాపని కూడా చూసుకుంటుంది" అంటున్నారు మావారు. నాకు మనసొప్పడం లేదు. ఏ షోలు బుక్ చేయమంటారు? రెండా, మూడా?

జవాబు: ఒక్కటి చాలు. అది కూడా ఆరుగురూ కలిసి వెళ్లేది. మీకు మనసొప్పకపోవడమే సరైనది. ముందు ఆ మాట గట్టిగా చెప్పి తర్వాత మిగతా విషయాలకి వస్తాను.

నేను ఫ్లోరిడాలో ఉంటాను. ఇండియా నుంచి చుట్టాలు వస్తే ఓర్లాండో తీసుకెళ్లే పని ఎక్కువగా నా మీదే పడుతుంది. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఏమిటంటే, డిన్నర్ షో అనగానే మనం షో గురించే ఆలోచిస్తాం, డిన్నర్ గురించి అక్కడికి వెళ్లి కూర్చున్నాక ఆలోచిస్తాం. మామూలు హోటల్లో మెనూ నచ్చకపోతే లేచి పక్క హోటల్‌కి పోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. డబ్బు ముందే కట్టేస్తాం, అందరికీ ఒకే భోజనం, రెండు గంటలు అదే కుర్చీ.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఇలాంటి ఒక షోకి తీసుకెళ్లాను. బుక్ చేసేటప్పుడు శాకాహారం సంగతి రాయలేదు, అక్కడికెళ్లాక చెబుదాంలే అనుకున్నాను. చెప్పాను కూడా. సర్వ్ చేసే అమ్మాయి పళ్లెం లోపలికి తీసుకెళ్లి, చికెన్ ముక్క తీసేసి, మళ్లీ అదే పళ్లెం తెచ్చి పెట్టింది. బంగాళాదుంప పక్కన గోధుమరంగు గ్రేవీ మరక అలాగే ఉంది. అమ్మ ఏమీ అనలేదు. బ్రెడ్డు సగానికి తుంచి తిని, మిగతా సగం కాగితం నాప్‌కిన్‌లో చుట్టి పక్కన పెట్టుకుంది. "మధ్యాహ్నం బాగా తిన్నాను కదమ్మా, ఆకలి లేదు" అంది. స్టేజీ మీద జనం చప్పట్లు కొడుతుంటే తనూ కొట్టింది. రాత్రి పదిన్నరకి రూంకి వచ్చాక సూట్‌కేసులోంచి అటుకుల డబ్బా తీసి పెరుగులో కలుపుకుని తింది. ఆ షో బాగుందో లేదో నాకిప్పుడు గుర్తు లేదు. ఆ డబ్బా మూత తీసిన చప్పుడు మాత్రం గుర్తుంది.

అందుకే నా లెక్క అత్తగారి పళ్లెంతో మొదలవుతుంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ పట్టింపు ఉన్నవాళ్లు కడుపునిండా, ఇబ్బంది లేకుండా తినగలిగే చోటేదో చూసుకుని, అలాంటివాటిలోంచి షో ఎంచుకోవాలి. పిల్లలు ఎక్కడైనా సంతోషిస్తారు. వాళ్లని బట్టి మొదలుపెడితే పెద్దవాళ్లు సర్దుకుపోవాల్సి వస్తుంది, సర్దుకుపోయినట్టు మనకి చెప్పరు కూడా.

ముందు పాత లిస్టు సంగతి తేల్చేద్దాం. పాలినేషియన్ హోటల్లో మీరు చూసింది స్పిరిట్ ఆఫ్ అలోహా. 2020లో కరోనాకి మూతపడ్డాక మళ్లీ తెరవలేదు. ఆ షో జరిగిన చోటే ఇప్పుడు హోటల్ కొత్త టవర్ లేచింది. అదే లిస్టులో మిక్కీస్ బ్యాక్‌యార్డ్ బార్బెక్యూ అని కూడా ఉండి ఉంటుంది. అది 2018 చివరితో ఆగిపోయింది. ఓర్లాండో షోల లిస్టు ఏదైనా కాస్త పాతదైతే నమ్మకండి. షో సొంత సైట్‌లో మీ తేదీకి టికెట్ కనిపిస్తేనే అది ఉన్నట్టు.

ఇక హూప్ డీ డూ. పూర్తి పేరు హూప్ డీ డూ మ్యూజికల్ రివ్యూ. డిస్నీ వాళ్ల ఫోర్ట్ విల్డర్‌నెస్ క్యాంప్‌గ్రౌండ్‌లో పయనీర్ హాల్ అనే పెద్ద దుంగల కట్టడంలో 1974 నుంచి ఆడుతోంది. కరోనా వల్ల రెండేళ్లు ఆగి 2022 జూన్‌లో మళ్లీ మొదలైంది. పియానో, బాంజో, ఆరుగురు నటులు, పాత కాలపు అమెరికా పల్లె హాస్యం. పుట్టినరోజులూ పెళ్లిరోజులూ ఉన్నవాళ్లని పేరు పెట్టి ఆటపట్టిస్తారు, జనం నాప్‌కిన్లు గాల్లో తిప్పుతారు, బట్టలుతికే రేకుబోర్డులు వాయిస్తారు. నాకు చాలా ఇష్టమైన షో. మీ స్నేహితులు చెప్పింది అబద్ధం కాదు. అయినా మీ ఆరుగురికీ నేను దాన్ని చెప్పను. ఎందుకో వివరంగా రాస్తాను. మీలాంటి ఇళ్లు ఇంకా చాలా ఉంటాయి కాబట్టి ఈ లెక్క వాళ్లకీ పనికొస్తుంది.

మొదటిది భోజనం వచ్చే తీరు. వేయించిన చికెన్, బార్బెక్యూ పంది రిబ్స్ ఇనుప బకెట్లలో తెచ్చి బల్ల మధ్యలో పెడతారు. చుట్టూ కూర్చున్నవాళ్లు అందులోంచి తీసుకుంటారు. బకెట్ ఖాళీ అయితే మళ్లీ నింపుతారు. ముందుగా చెబితే మీ అత్తగారికి మాంసం లేని పళ్లెం వేరే తెస్తారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ పళ్లెం పెట్టేది ఆ బకెట్ల పక్కనే. ఎముకలు పడే గిన్నె అదే బల్ల మీద. కొందరికి ఇది సమస్యే కాదు. గుడ్డు కూడా ముట్టనివారికి మాత్రం కొంచెం ఆలోచించాలి. దీనికి తోడు అక్కడ మాంసం లేనివి అనిపించే వాటిల్లోనూ చిక్కులుంటాయి. మొక్కజొన్న బ్రెడ్డులో, ఆఖర్న ఇచ్చే స్ట్రాబెర్రీ షార్ట్‌కేకులో గుడ్డు పడటం మామూలే. అమెరికాలో బేక్‌డ్ బీన్స్ అంటే చాలాచోట్ల పందిమాంసం ముక్కలు వేసి ఉడికించినవే.

ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోండి. ఈ దేశంలో వెజిటేరియన్ అంటే గుడ్డు తినేవాళ్లనే అర్థం. మీరు ఆ ఒక్క మాట రాసి ఊరుకుంటే ఆమ్లెట్ వచ్చినా వాళ్ల తప్పు కాదు. "మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, పాలు పెరుగు పర్వాలేదు" అని విడివిడిగా రాయండి. అంత వివరం రాసే వీలు లేకపోతే వీగన్ అని టిక్ పెట్టేయండి. పెరుగు పోతే పోయింది, గుడ్డు గొడవ ఉండదు.

రెండోది మాటలు. హూప్ డీ డూలో సగం నవ్వు పదాల మీద ఆడే ఆటలే, అదీ గబగబా పాడే పాటల్లో. మీ మామగారికి ఇంగ్లీష్ వచ్చినా హాలంతా ఈలలు, చప్పట్లు ఉన్నప్పుడు వినికిడి మిషన్‌తో ఆ మాటలు పట్టుకోవడం కష్టం. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియక తనూ నవ్వడం పెద్దవాళ్లకి ఎంత ఒంటరిగా ఉంటుందో మనకి తెలియదు.

మూడోది డబ్బు. డిస్నీలో పదేళ్లు నిండితే పెద్దవాళ్ల లెక్కే. అంటే మీ బాబుకి పూర్తి టికెట్. సీటుని బట్టి పెద్దవాళ్లకి మనిషికి డెబ్భై డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఐదుగురు పెద్దలు, ఒక పాప అంటే దగ్గర దగ్గర నాలుగు వందలు. పన్ను, టిప్పు అందులోనే కలిపి ఉంటాయి, అది మంచిదే. బీరు, వైన్ కూడా అందులోనే. ఇంట్లో ఎవరూ తాగకపోతే దానికీ మీరు కట్టినట్టే.

నాలుగోది దారి. ఫోర్ట్ విల్డర్‌నెస్‌లో హాలు దాకా కారు పోదు. గేటు దగ్గర పార్క్ చేసి లోపలి బస్సెక్కాలి. లేదంటే మ్యాజిక్ కింగ్‌డమ్ దగ్గర్నుంచి పడవలో రావాలి. పడవ దారి అందంగా ఉంటుంది కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి పార్కంతా నడిచి, క్యూలో నిలబడి, అప్పుడు పడవెక్కాలి.

ఇంట్లో అందరూ మాంసం తినేవాళ్లై, పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగిన పెద్ద పిల్లలైతే ఏమాత్రం తటపటాయించకుండా దీన్నే చెప్పేదాన్ని. మామూలుగా సాయంత్రం 4, 6:15, 8:30కి మూడు ఆటలుంటాయి. వాటిలో 6:15 ఆట, కింది అంతస్తు సీటు తీసుకోమనేదాన్ని. పై సీట్లు కాస్త చవక, కానీ మెట్లెక్కాలి. ఏదో ఒక రోజు మీ దంపతులు పిల్లలతో మళ్లీ వస్తారు కదా, అప్పటికి ఉంచుకోండి.

ఇప్పుడు మీ బాబు అడిగిన దాని దగ్గరికి వద్దాం. ఈసారి బాబు మాటే నెగ్గింది, కానీ వాడు చెప్పిన కారణానికి కాదు.

మెడీవల్ టైమ్స్ డిస్నీది కాదు. పక్క ఊరు కిస్సిమ్మీలో ఉంది. అమెరికాలో వాళ్ల మొదటి కోట 1983లో మొదలైంది ఇక్కడే. మధ్యలో ఇసుక పోసిన పెద్ద బరి, దాని చుట్టూ మెట్లు మెట్లుగా వరసలు, ఒక్కో భాగానికి ఒక్కో రంగు. మీ రంగు వీరుడు మీ తరఫున పోరాడతాడు, వాడి పేరు పెట్టి మీరు అరవాలి. తలకి అదే రంగు కాగితం కిరీటం పెడతారు. కథ పెద్దగా లేదు. రాణి ఉంటుంది, వీరులు ఉంటారు, గుర్రాలు పరుగెత్తుతాయి, బల్లేలు విరుగుతాయి, కత్తులు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఒక్క మాట అర్థం కాకపోయినా ఏం జరుగుతోందో ఎవరికైనా తెలుస్తుంది. మీ మామగారికి కావాల్సింది సరిగ్గా ఇదే. శబ్దం ఎక్కువే, మిషన్ సౌండు తగ్గించుకుంటే సరిపోతుంది.

భోజనం సంగతి ఇంకా ముఖ్యం. ఇక్కడ బకెట్లు లేవు. ఎవరి పళ్లెం వాళ్ల ముందుకి వేరుగా వస్తుంది. టమాటా సూప్, వెల్లుల్లి బ్రెడ్డు, సగం కోడి, బంగాళాదుంప, మొక్కజొన్న పొత్తు. కోడి వద్దంటే శాకాహారం పళ్లెం వేరే ఉంటుంది. టికెట్ కొనేటప్పుడే చెప్పండి, కూర్చోగానే సర్వ్ చేసే మనిషికి మళ్లీ చెప్పండి, గుడ్డు సంగతి అప్పుడు కూడా అడగండి. ఇంకొకటి, స్పూన్లు, ఫోర్కులు ఇవ్వరు. మధ్యయుగపు పద్ధతి అని అందరూ చేత్తోనే తినాలి. చుట్టూ అమెరికన్లు చేతులు ఎలా పెట్టాలో తెలియక ఇబ్బంది పడుతుంటే మా పెదనాన్నగారు తీరిగ్గా మొక్కజొన్న పొత్తు ఒలుచుకుని తింటూ, "ఇన్నాళ్లకి మన పద్ధతికి వచ్చారమ్మా వీళ్లు" అన్నారు. ఈ దేశం వచ్చాక బయట భోజనానికి కూర్చుని ఆయన అంత హాయిగా ఉండటం నేను చూడటం అదే మొదలు. మన పెద్దవాళ్లు ఇక్కడి హోటళ్లలో ఫోర్కుతో కుస్తీ పడుతూ సగం ఆకలితో లేస్తారు. ఆ టెన్షన్ ఇక్కడ ఉండదు.

టికెట్‌లోనూ మీకు కలిసొస్తుంది. ఇక్కడ పన్నెండేళ్ల దాకా పిల్లల టికెట్టే, అంటే బాబు కూడా పిల్లల్లోకే వస్తాడు. ముందు వరస సీటుకి అదనంగా ప్యాకేజీలు అమ్ముతారు. మీకు అక్కర్లేదు. మామూలు టికెట్‌లోనే భోజనం, షో రెండూ ఉంటాయి. లోపలికి వెళ్లేటప్పుడు ఫోటో తీసి తర్వాత బల్ల దగ్గరికి తెచ్చి అమ్ముతారు, మెరిసే కత్తులు, జెండాలు పట్టుకుని తిరుగుతుంటారు. పాపకి ఒక బొమ్మకి మించి కొననని ముందే చెప్పి ఉంచండి. టిప్పు మాత్రం టికెట్‌లో కలవదు. సర్వ్ చేసే మనిషికి ఇవ్వడానికి కొంత నగదు దగ్గరుంచుకోండి.

ఇబ్బందులు లేవని కాదు. గుర్రాలున్న చోటు కాబట్టి ఆ వాసన, దుమ్ము ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే నా సలహా మొత్తం మారిపోతుంది. సీట్లకి మెట్లుంటాయి, అందుకే మెట్లెక్కలేని పెద్దాయన ఉన్నారని బుకింగ్‌లోనే రాయండి, దానికి తగ్గ చోటు ఇస్తారు. పాపకి ఐదేళ్లు, కత్తుల చప్పుడుకి భయపడొచ్చు. ముందు వరస వద్దు అన్నది అందుకే. చెవులకి పెట్టే చిన్న హెడ్‌ఫోన్లు తీసుకెళ్లండి. "అదంతా నాటకం, ఎవరికీ దెబ్బ తగలదు" అని రెండు రోజుల ముందు నుంచే చెబుతూ ఉంటే చాలామంది పిల్లలు తట్టుకుంటారు. మరీ ఏడిస్తే హాలు బయటికి తీసుకెళ్లి కాసేపు తిప్పడానికి చోటుంది.

వీటన్నిటికంటే పెద్ద విషయం, మీ అత్తగారి చుట్టూ కూర్చున్నవాళ్లు కోడిని చేత్తో చీల్చుకుని తింటుంటారు. తన పళ్లెం శుభ్రంగానే ఉంటుంది, కానీ కళ్ల ముందు అదీ ఉంటుంది. ఇది ఆవిడకి ఎంత ఇబ్బందో నేను చెప్పలేను, మీ వారూ చెప్పలేరు. ఆవిడనే అడగాలి. "మీకు పర్వాలేదా అత్తయ్యా" అని అడగకండి. అలా అడిగితే ఏ అత్తగారైనా "నాకేం ఫర్వాలేదు, మీ ఇష్టం" అంటారు. ఏముంటుందో ఉన్నదున్నట్టు చెప్పండి. వీడియో ఉంటే చూపించండి. పక్కవాళ్లు ఇలా తింటారు, మీకు ఇది పెడతారు, రెండు గంటలు కూర్చోవాలి అని చెప్పి, "దీనికి బదులు మనం ఇంకోటి కూడా చేయొచ్చు" అని ఆ రెండోది కూడా ముందు పెట్టండి. రెండు దారులుంటే నిజం బయటికొస్తుంది. ఈ మాట మీ వారు అడిగితే ఇంకా మంచిది. కోడలికి చెప్పలేనిది కొడుక్కి చెబుతారు.

ఆవిడ వద్దంటే ఆ రెండో దారి ఇది. మీవారు, బాబు, మామగారు ముగ్గురూ కిస్సిమ్మీ వెళ్తారు. మీరు, అత్తగారు, పాప హోటల్లో ఆవిడకి నచ్చింది తిని ఫోర్ట్ విల్డర్‌నెస్ వెళ్లండి. అక్కడ సాయంత్రం చిప్ అండ్ డేల్ క్యాంప్‌ఫైర్ ఉంటుంది. ఉచితమే. ఉడుత వేషాలు వచ్చి పిల్లలతో పాడి ఆడతాయి, తర్వాత ఆరుబయట తెర మీద సినిమా వేస్తారు. మంట మీద మార్ష్‌మాలో కాల్చుకుంటారు. మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేదే, అత్తగారికి ఇవ్వకండి. ఓపికుంటే ఇంకాసేపు ఆగి చెరువు ఒడ్డున నిలబడండి. దీపాలతో చేసిన చేపలు, తాబేళ్ల బొమ్మలు నీళ్ల మీద వరసగా తేలుతూ వెళ్తాయి. డిస్నీ వరల్డ్ తెరిచిన 1971 నుంచీ ఉన్న ఊరేగింపు అది. గాలివాన ఉంటే ఆపేస్తారు. ఆ పూట ఆవిడ పాపని కనిపెట్టుకుని రూంలో కూర్చోరు, మీ ఇద్దరితో కలిసి తనకంటూ ఒక సాయంత్రం గడుపుతారు. మీవారికి ఈ తేడా నెమ్మదిగా చెప్పండి, అర్థం చేసుకుంటారు. వాళ్లమ్మ మీద ప్రేమ లేక అన్న మాట కాదది. ఆవిడకి ఇబ్బంది తప్పిద్దామనే అన్నారు.

ఇక ఏ రోజు అన్నది. ఆరు రాత్రుల్లో నాలుగు పార్కు రోజులు పోతే దిగే రోజు, ఖాళీ రోజు మిగులుతాయి. డిన్నర్ షో ఖాళీ రోజునే పెట్టండి. పార్కు రోజున పెడితే మధ్యాహ్నం మూడింటికే అందరినీ బయటికి లాక్కురావాలి, అప్పటికి కొన్న పార్కు టికెట్ సగం వృథా. అలసిపోయిన పాప సూప్ వచ్చేసరికి ఒళ్లో నిద్రపోతుంది. దిగే రోజున కూడా వద్దు, విమానం ఆలస్యమైతే ముందు కట్టిన డబ్బు పోతుంది. ఖాళీ రోజు మధ్యాహ్నం అందరూ పడుకుని లేవండి, ఆ రోజున్న ఆటల్లో అన్నిటికంటే ముందుది తీసుకోండి, గంటంబావు ముందే చేరండి. సీట్లు అక్కడికి వెళ్లాకే ఇస్తారు, ఆలస్యంగా వెళ్తే ఆరుగురికి ఒకేచోట దొరకడం కష్టం.

మిగతా రాత్రుల గురించి మీరు అడగలేదు కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. డిస్నీలో నాకు అన్నిటికంటే నచ్చిన భోజనానికి స్టేజీ లేదు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో కిదాని విలేజ్ అనే వైపు సనా అని ఒక రెస్టారెంట్ ఉంది. ఆఫ్రికా, ఇండియా రుచులు కలిపి వండుతారు. నాన్, ఇంకా రకరకాల రొట్టెలు, వాటితో తొమ్మిది రకాల చట్నీలు, పచ్చళ్లు కలిపి బ్రెడ్ సర్వీస్ అని ఇస్తారు. కిటికీ బయట పచ్చిక మైదానం. అందులో జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. ఆ లాడ్జ్ మైదానాల్లో బారెడు కొమ్ముల ఆంకోలే పశువులు కూడా ఉంటాయి. పల్లెలో పుట్టి పెరిగిన పెద్దవాళ్లు జిరాఫీ కంటే వాటినే ఎక్కువసేపు చూస్తారు, నేను గమనించాను. రొట్టెల్లో, చట్నీల్లో గుడ్డు దేంట్లో ఉందో అక్కడ వంటవాళ్లని అడిగితే వచ్చి చెబుతారు.

యానిమల్ కింగ్‌డమ్ పార్కు మిగతా వాటికంటే ముందే మూసేస్తారు. అది చూసిన రోజు సాయంత్రమే సనాకి వెళ్లండి, పక్కనే. మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు. దాని తర్వాత ఓర్లాండోలో పొద్దు ఏడున్నర ప్రాంతంలో గుంకుతుంది. మీరు ఆరు గంటల టేబుల్ తీసుకుంటే తిన్నంతసేపూ వెలుగుంటుంది. చీకటి పడ్డాక వెళ్తే కిటికీలో మన మొహాలే కనిపిస్తాయి. కిటికీ పక్క టేబుల్ దొరక్కపోయినా బాధపడకండి, తిన్నాక బయటికి నడిచి చూడటానికి చోటుంది.

ఈ టేబుల్ మాత్రం ముందే పట్టుకోవాలి. డిస్నీ రెస్టారెంట్లకి 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. డిస్నీ హోటల్లో ఉంటున్నారు కాబట్టి దిగే రోజుకి 60 రోజుల ముందు పొద్దున కూర్చుంటే మీ ఆరు రాత్రులకీ ఒకేసారి తీసుకోవచ్చు. ఓర్లాండో టైం పొద్దున ఆరు అంటే మీ డల్లాస్‌లో ఐదు. అలారం పెట్టుకోండి. ఆరుగురికి టేబుల్ దొరకడం నలుగురికంటే కష్టం, దొరక్కపోతే ముగ్గురు ముగ్గురుగా రెండు టేబుళ్లు పక్కపక్క టైముల్లో తీసుకుని అక్కడ కలపమని అడగండి.

మిగిలిన వాటి గురించి రెండు ముక్కలు. ఇంటర్నేషనల్ డ్రైవ్‌లో వండర్‌వర్క్స్ అనే తలకిందులుగా కట్టిన బిల్డింగ్‌లో మ్యాజిక్ కామెడీ డిన్నర్ షో ఉంది. భోజనం పిజ్జా, సలాడ్, కావలసినంత. శాకాహారులకి సులువే, పన్నెండేళ్లలోపు పిల్లలకి బాగా నచ్చుతుంది. కానీ నవ్వంతా ఇంగ్లీష్ మాటల్లోనే ఉంటుంది, మీ మామగారికి హూప్ డీ డూతో వచ్చిన చిక్కే ఇక్కడా. హత్య ఎవరు చేశారో కనిపెట్టే మిస్టరీ డిన్నర్లు కూడా అంతే, మాట పోతే కథ పోతుంది. హాలీవుడ్ స్టూడియోస్‌లో రాత్రి ఫాంటాస్మిక్ అని నీళ్లు, మంటలతో చేసే షో ఉంది, అది పార్కు టికెట్‌లోనే వస్తుంది. అక్కడి కొన్ని రెస్టారెంట్లలో దానికి సీటు కలిపి భోజనం ప్యాకేజీ అమ్ముతారు. ఆ పార్కుకి వెళ్లే రోజున మామగారు క్యూలో నిలబడక్కర్లేకుండా ఆ ప్యాకేజీ తీసుకుంటే బాగుంటుంది.

షో రోజు మధ్యాహ్నం అత్తగారికి పెరుగన్నమో పులిహోరో కాస్త పెట్టి బయల్దేరండి. నమ్మకం లేక కాదు, ఎంత చెప్పినా ఒక్కోసారి పళ్లెంలో సగమే తినగలిగేది ఉంటుంది. బయటి తిండి ఆ హాల్లోకి రానివ్వరు కాబట్టి మిగిలింది వ్యాన్‌లో ఉంచండి. కూర్చునేటప్పుడు ఎవరు ఎక్కడ అన్నది ముందే అనుకోండి, లోపల ఆ హడావిడిలో కుదరదు. మీ ఆరుగురి వరసలో అత్తగారిని మధ్యలో కూర్చోబెట్టండి. ఆవిడకి ఒక పక్క పాప, ఇంకో పక్క మీరు. పాపకి కూడా ఆ రోజుకి శాకాహారం పళ్లెమే చెప్పండి, మీరూ అదే తీసుకోండి. పాప అవతల మీవారు, మీ అవతల మామగారు, ఆయన పక్కన బాబు. చివర్లు రెండూ మీ మగవాళ్లవే కాబట్టి, కొత్తవాళ్ల కోడి పళ్లెం ఏదీ అత్తగారి పక్కకి రాదు. మీవారికీ, బాబుకీ చికెన్ కావాలంటే అక్కడ తింటారు. బాబు పక్కన కూర్చున్న తాతగారికి ఆ కుర్రాడు ఏ గుర్రం ఎవరిదో చెవిలో అరుస్తూనే ఉంటాడు.